నీళ్లదొంగ తలపాగా పేలిక

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. ఇందులో ఒక దొంగ ఉన్నాడు. భయమేస్తే నా పక్కకి జరిగి కూర్చోండి. కథ మాత్రం చివరిదాకా వినాలి.

ఒక ఊళ్లో బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజున ఉయ్యాల పక్కన రెండు పెట్టేవారు. ఒకటి నిండు నీళ్ల కుండ, రెండోది అప్పుడే కళ్లు తెరిచిన కుక్కపిల్ల. కుండలో నీళ్లున్నంతకాలం బిడ్డ ఆడుకుంటుంది. కుక్కపిల్ల ఆ కుండకి కాపలా.

ఆ ఊరికి ఒక దొంగ వచ్చేవాడు. బంగారం ముట్టుకునేవాడు కాదు, నీళ్లే తాగేవాడు. బండిచక్రంలా గుండ్రంగా ఉండేవాడు, తలకి మాసిన పాగా చుట్టుకునేవాడు. గోడ దూకడం అతనికి చేతకాదు. కడుక్కోని చెయ్యి ఏది దొరికితే దానికి అంటుకుని, దర్జాగా వాకిట్లోంచే లోపలికి వచ్చేవాడు. కుక్కపిల్లలు చూసేవి. చుట్టమనుకుని తోక ఊపేవి.

దొంగ వచ్చాడని తెలిస్తే ఆ ఊరివాళ్లు ఒక పని చేసేవారు. గబగబా కుండ బోర్లించేసేవారు. నీళ్లు కనపడకపోతే దొంగ విసుగుపుట్టి పోతాడని వాళ్ల నమ్మకం. "కారే కుండలో నీళ్లెందుకు పోయడం?" అనేవారు. దొంగ నిజంగానే వెళ్లిపోయేవాడు. బిడ్డ కూడా వెళ్లిపోయేది. దొంగ ఎత్తుకుపోయాడని ఏడ్చేవారు. కుండ బోర్లించిన చేతుల్ని ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ఊళ్లో కుమ్మరామె ఒకతె తన మొదటి బిడ్డ కుండని తన చేతుల్తోనే బోర్లించింది. అత్త చెప్పింది, ఆమె చేసింది. రెండో బిడ్డ పుట్టాక కొత్త కుండ చేసి ఉయ్యాల పక్కన పెట్టింది. రోజుకి పదిసార్లు లేచి అందులోకి తొంగి చూసేది.

"ఏమ్మా, నీళ్లలో చేపలేమన్నా పెంచుతున్నావా?" అని అత్త ఎగతాళి చేసేది.

కుమ్మరామె నవ్వేది కాదు.

ఊరి చివర ఒక అవ్వ ఉండేది. ఒకప్పుడు దొంగ ఆమె బిడ్డని కూడా విడిచిపెట్టలేదు. పారిపోతున్న దొంగ పాగా అవ్వ చేతికి చిక్కి, చిరిగి, ఒక పేలిక మిగిలింది. అవ్వ కోపంగా దాన్ని ఉతికింది, ఎండేసింది, మళ్లీ ఉతికింది. నూరుసార్లు ఉతికాక దానిలోని చెడు పోయింది. దొంగ వాసన మాత్రం పోలేదు. ఒకనాడు ఆమె ఇంటి కుక్కపిల్ల ఆ పేలిక మీద పడుకుని నిద్రపోయింది. ఆ ఏడు చలికాలంలో దొంగ వచ్చినప్పుడు, ఊరంతటిలో ఆ ఒక్క కుక్కపిల్లే మొరిగింది.

అవ్వ ఆలోచించింది. మరుసటి ఏడు అయిదు ఇళ్ల కుక్కపిల్లలకి ఆ పేలిక వాసన చూపించింది. అయిదూ మొరిగాయి. అప్పుడు అవ్వ పేలికని మడిచి కొంగున ముడి వేసుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది.

కుమ్మరి ఇంట్లో అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఏందవ్వా, దొంగ గుడ్డని నట్టింట్లోకి తెస్తున్నావా? దారి తెలీనివాడికి దారి చూపిస్తున్నావా?"

"వాడికి మీ దారి తెలుసు తల్లీ. మీ కుక్కకే వాడు తెలీదు," అంది అవ్వ.

కుమ్మరామె కుక్కపిల్లని ఎత్తుకుని బయటికి వచ్చింది. "దీనికేమన్నా అయితే?"

"ఒకరోజు మూలుగుతుందేమో. ఇక్కడే కూర్చుంటాను, చూద్దువు గాని."

కుక్కపిల్ల పేలికని వాసన చూసింది, తుమ్మింది. సాయంత్రం పాలు ముట్టలేదు, చెవులు వేడెక్కాయి. "నే చెప్పలేదా?" అని అత్త చెయ్యి తిప్పింది. కుమ్మరామె కుండని, కుక్కని, ఉయ్యాలని మార్చి మార్చి చూసింది. అవ్వ అరుగు మీంచి కదల్లేదు. తెల్లారేసరికి కుక్కపిల్ల అత్తగారి చెప్పు ఒకటి నమిలేసి ఇంకో చెప్పు కోసం వెతుకుతోంది.

"ఒక్కసారి సరిపోదు. ఇంకో రెండుసార్లు వస్తాను. మరిచిపోతాయి కుక్కపిల్లలు, మనలాగే," అని అవ్వ లేచింది.

ఎత్తయిన ప్రహరీ ఉన్న ఇంట్లో ఊరిపెద్ద ఉండేవాడు. ఆయన మనవడికీ కుండ ఉంది, కుక్కపిల్ల ఉంది.

"మా గోడ ఎంత ఎత్తో చూశావా అవ్వా? నీ మసిగుడ్డతో మా కుక్కకి చదువు చెబుతావా? మా తాతల నాడు ఎవరు చూపించారు ఈ గుడ్డలు?"

"మీ తాతకి ఎంతమంది పిల్లలయ్యా?"

"తొమ్మండుగురు!" అన్నాడు ఊరిపెద్ద మీసం దువ్వుతూ.

"పెరిగి పెద్దయింది ఎందరు?"

ఊరిపెద్ద చెయ్యి మీసం దగ్గరే ఆగింది. "మా నాయన, ఒక అత్త," అన్నాడు. ఆ వెంటనే తలుపు వేసుకున్నాడు.

చలికాలం వచ్చింది. దొంగా వచ్చాడు. అలవాటైన దారి కనక మొదట కుమ్మరి ఇంటికే వచ్చాడు. చెంబు పట్టుకున్న ఏదో చేతికి అంటుకుని గడప దాటాడు. ఉయ్యాల కింద పడుకున్న కుక్కపిల్ల ముక్కు ఎగరేసింది. ఆ వాసన దానికి తెలుసు! పిడికెడంత ప్రాణి, ఇల్లు అదిరేలా మొరిగింది. పక్కింటి కుక్క అందుకుంది. ఆ పక్కది అందుకుంది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి మొరుగుడు పాకింది. దొంగ ఒక్క గుక్క తాగి, వెనక్కి దొర్లుకుంటూ వీధిన పడ్డాడు.

కుమ్మరామె కుండలోకి తొంగి చూసింది. బొటనవేలంత మాత్రమే తగ్గింది. ఆమె నేల మీద కూలబడి, మొదటిసారి, గట్టిగా నవ్వింది.

దొంగ ఊరంతా తిరిగాడు. ఎక్కడికి వెళ్లినా అరుపులే. అంతలో ఊరిపెద్ద సంత నుంచి వస్తూ కనిపించాడు. దొంగ ఆయన చేతికి అంటుకున్నాడు. ఊరిపెద్ద ఇంటికి రాగానే కాళ్లు కడుక్కున్నాడు గాని, చేతులు కడుక్కోకుండానే మనవణ్ణి ఎత్తుకున్నాడు. ఆ ఇంటి కుక్కపిల్ల దొంగని చూసి తోక ఊపింది.

మధ్యాహ్నానికి కుండ సగమైంది. పిల్లవాడి కళ్లు లోతుకి పోయాయి.

"కుండ బోర్లించండి!" అని ఊరిపెద్ద కేకపెట్టాడు.

ఆ కేక కుమ్మరామెకి వినపడింది. ఉయ్యాల్లోని బిడ్డని అత్తకి అప్పగించి, మట్టి చేతులు కడుక్కుని పరుగెత్తింది. ఊరిపెద్ద కోడలు అప్పటికే కుండ మెడ పట్టుకుని ఉంది. కుమ్మరామె ఆ చేతులు గట్టిగా పట్టుకుంది.

"వద్దక్కా! నేను బోర్లించి చూశాను."

కోడలు కుండ వదిలేసింది.

కుమ్మరామె కాచి చల్లార్చిన నీళ్లలో చిటికెడు ఉప్పు, గుప్పెడు పంచదార కలిపింది. నాలుక మీద వేసుకుని చూసింది. "కన్నీళ్లకంటే ఉప్పగా ఉండకూడదు," అంటూ కుండలో చెంచా తరవాత చెంచా పోసింది.

"దొంగకి పోస్తున్నావా నువ్వు?" అన్నాడు ఊరిపెద్ద.

"దొంగకి కాదు బాబూ. కుండకి."

దొంగ తాగాడు. ఆమె పోసింది. అవ్వ వచ్చి పోసింది. కోడలు కళ్లు తుడుచుకుని పోసింది. వీధిలోని ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు. ఒకరు కాచారు, ఒకరు చల్లార్చారు, ఒకరు పోశారు. దొంగ తాగుతూనే ఉన్నాడు, కుండ మాత్రం అడుగంటలేదు. మూడోనాటి ఉదయం దొంగ ఆయాసంతో గడప దాటి, వెనక్కి తిరిగి చూడకుండా దొర్లుకుంటూ పోయాడు. పిల్లవాడు కళ్లు తెరిచి, తాత మీసం పట్టుకుని లాగాడు.

ఊళ్లో డప్పులు మోగాయి. అవ్వ ఇంటి ముందు కుక్కపిల్లల్ని చంకన పెట్టుకున్న తల్లులు బారులు తీరారు. ఆ వరసలో అందరికంటే వెనక ఊరిపెద్ద నిలబడ్డాడు. ఆయన చంకలో కుక్కపిల్ల ఉంది, చేతులు ఇంకా తడిగా ఉన్నాయి.

"ముందుకి రండి బాబూ," అన్నారు తల్లులు.

"వద్దమ్మా. ఆలస్యం చేసినవాణ్ణి. నా వంతు రానివ్వండి."

ఆ తరవాత ఆ ఊళ్లో బోర్లించిన కుండ ఎవరికీ కనపడలేదు. ఏళ్లు గడిచాయి. అవ్వ పండుటాకులా రాలిపోయింది. పేలిక కుమ్మరామె ఇంటికి చేరింది. ఇల్లిల్లూ తిరిగే పనీ ఆమెకే వచ్చింది. ఆమె కూతురికి ఏడేళ్లు నిండాయి.

ఒక ఉదయం ఆ పిల్ల వీధి మలుపులో ఆడుకుంటూ, రాతి మీద కూర్చున్న ఒకడిని చూసింది. ఎండి, వంగి, చువ్వలు ఊడిన బండిచక్రంలా ఉన్నాడు.

"ఎవరు నువ్వు?" అంది దూరం నుంచే.

"నేనెవరో తెలీదా?"

"తెలీదు. సైకిళ్లు బాగుచేసే మామవా?"

ఒకప్పుడు అతని పేరు వింటే తల్లుల గాజులు వణికేవి. దొంగ ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. ఆ ఊరు అతన్ని అంతగా ఓడించింది.

కాసేపటికి తలెత్తాడు. "మీ ఊళ్లో పిల్లలెవరికీ నేను తెలీదా?"

"ఊహూ. మాకెవరూ చెప్పలేదు."

దొంగ కళ్లు తుడుచుకున్నాడు. మెల్లిగా నవ్వాడు.

దూరంగా కుండలు ఆరబెడుతున్న కుమ్మరామె ఆ నవ్వు చూసింది. చేతిలో కుండని కింద పెట్టింది. కూతుర్ని పిలిచి, చేతులు కడిగించి, పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచీ అంతా చెప్పింది. ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి, పేలిక తీసుకుని, నిన్న కుక్కపిల్ల కళ్లు తెరిచిన ఇంటికి వెళ్లారు.

పిల్లలూ, ఇప్పుడు కథ మీ దగ్గర ఉంది. రేపు మీ స్నేహితులకి చెప్పండి, పెద్దయ్యాక మీ పిల్లలకి చెప్పండి. మనం గెలిచామని చెప్పండి. ఎలా గెలిచామో అది కూడా విడిచిపెట్టకుండా చెప్పండి.