బుగ్గన పెట్టుకున్న అతిమధురం

అనగనగా ఒక ఊళ్ళో ఒకావిడ గొంతు కాపాడుకోబోయి ప్రాణం మీదికి తెచ్చుకుంది. ఆవిడ పేరు మంగతాయారు. హరికథలు చెప్పేది. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిరతలు, ఎదురుగా ఊరు ఊరంతా.

గొంతు బొంగురుపోకుండా అతిమధురం పుల్ల బుగ్గన పెట్టుకునేది. పాడేవాళ్ళు చాలామంది కచేరీ ముందు ఓ ముక్క నమిలి వదిలేస్తారు. ఈవిడ లేచింది మొదలు పడుకునేదాకా చప్పరిస్తూనే ఉండేది. తియ్యగా ఉంటుంది కదమ్మా!

కొన్నాళ్ళకి తలనొప్పి పట్టుకుంది. డాక్టరమ్మ చూసి, బీపీ ఉందని బిళ్ళ రాసింది. "ఇంకేమైనా మందులు వాడుతున్నావా?" అంది.

"అబ్బే, ఏమీ లేవండీ" అంది తాయారు.

ఆ తర్వాత కాళ్ళు వాచాయి. గజ్జెల పట్టీ చుట్టుకు రాలేదు. మృదంగం వాయించే తమ్ముడు పానకాలు నవ్వాడు. "అక్కా, నా మృదంగం చిరిగినా బెంగలేదు. నీ కాలు వాయించేస్తా!"

డాక్టరమ్మ మోతాదు పెంచింది. మళ్ళీ అదే అడిగింది. తాయారు మళ్ళీ అదే చెప్పింది.

ఆ తర్వాత సీతాకల్యాణం చెబుతూ, విల్లు విరిచే చోట గిర్రున తిరగబోయి కూలబడిపోయింది. పానకాలు ఈసారి నవ్వలేదు. ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు.

మర్నాడు మంచం మీద తాయారు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇక కథ చెప్పలేనా డాక్టరుగారూ?"

డాక్టరమ్మ ఆవిడ బుగ్గకేసి చూసింది. "నోట్లో ఏంటమ్మా అది?"

"ఇదా? అతిమధురం. మందేం కాదులెండి, చెట్టు వేరు."

"చెట్టుదైతే మాత్రం ఒంట్లో ఊరికే కూర్చుంటుందా? ఇంతలా తింటే బీపీ పెంచుతుంది, నీరు పట్టిస్తుంది, కండల్లో సత్తువ లాగేస్తుంది. నేను దించుతుంటే నువ్వు ఎక్కిస్తున్నావు! ముందు ఉమ్మెయ్యి."

ఉమ్మేసింది. రక్తపరీక్షలో పొటాషియం బాగా పడిపోయిందని, అదీ అతిమధురం పనేనని తేలింది. వైద్యం జరిగింది, మెల్లగా వాపు దిగింది.

అప్పుడు తాయారు ఇంట్లో ఉన్నవన్నీ సంచీలో తెచ్చి డాక్టరమ్మ బల్ల మీద గుమ్మరించింది. పక్కింటావిడ ఇచ్చిన అశ్వగంధ పొడి, టీవీలో చూసి తెప్పించుకున్న బలం గుళికలు, వంటింటి శొంఠి. డాక్టరమ్మ చారులోకి శొంఠి ఉంచుకోమంది. పొడి ప్రస్తుతానికి ఆపమంది. లోపల ఏముందో సీసా మీద రాసి లేదని గుళికలు చెత్తబుట్టలో పడేసింది.

మళ్ళీ గజ్జెలు కాలికి పట్టాయి. విల్లు ఫెళ్ళున విరిగింది, జనం ఊగిపోయారు. కథయ్యాక ఎవరో పెద్దాయన "గొంతుకి మంచిది తల్లీ" అని ఓ పొట్లం చేతిలో పెట్టాడు. తాయారు దండం పెట్టి పుచ్చుకుంది. విప్పకుండా సంచీలో వేసింది.

ఆకైనా, వేరైనా, గుళికైనా డాక్టరమ్మకి చెప్పాకే నోట్లోకి అనుకుంది. బతికినన్నాళ్ళూ ఆ మాట తప్పలేదు.

పొట్లం సంచి చేరె, గజ్జె కాలు చేరె,
కథ కంచి చేరె, కన్ను నిద్ర చేరె.