పేరు చెప్పని విన్నపం

గుంటూరుకు దగ్గర్లో ఉన్న కొండ్రుపాలెంలో సలోమమ్మ అనే ఆవిడ ఉండేది. మనసు వెన్నే గానీ, ఎవరి బాధ చెవిన పడినా అది నలుగురికీ చెబితే గాని ఆవిడకు నిద్రపట్టేది కాదు.

ఆవిడ దాన్ని చాడీ అనుకునేది కాదు. ప్రార్థన విన్నపం అనుకునేది. పాలెం చర్చిలో ప్రతి శుక్రవారం ఆడవాళ్ళ ఉపవాస కూడిక జరిగేది. దానికి సలోమమ్మే పెద్ద. పాటలయ్యాక లేచి నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని, "పేరు చెప్పను గానీ" అని మొదలుపెట్టేది. ఒకసారి, "పేరు చెప్పను గానీ, నీలం తలుపుల ఇంటాయన తాగుడు మానాలని ప్రార్థన చేయండమ్మా" అంది. పాలెం మొత్తానికి నీలం తలుపులున్నది ఒక్క ఇంటికే. ఆ ఇంటావిడ నెల తిరక్కుండా తలుపులకు పచ్చరంగు వేయించుకుంది.

"దేవుడికి చెప్పుకునే దాంట్లో దాచేదేముంది?" అని సలోమమ్మ నవ్వేసేది.

ఒక బుధవారం సాయంత్రం హెప్సిబా ఆవిడ ఇంటికి వచ్చింది. హెప్సిబా మిర్చి యార్డు దగ్గర షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. భర్త ప్రభుదాసు నెలన్నర కిందట లారీ మీద బస్తాలు సర్దుతూ కిందపడి, కాలిలో రాడ్లు వేయించుకుని మంచంలో ఉన్నాడు. ఇద్దరూ ఆడపిల్లలే. చిన్నదానికింకా ఏడాదిన్నర నిండలేదు.

"పిన్నీ, నీతో ఒక మాట" అంది గడప దగ్గరే నిలబడి.

"లోపలికి రా తల్లీ. ముఖమేంటి అలా పీక్కుపోయింది?"

"నాకు నెల తప్పింది పిన్నీ. రెండు నెలలు దాటింది."

"దేవుడికి స్తోత్రం" అని చేతులెత్తబోయిన సలోమమ్మ, ఆ పిల్ల కళ్ళు చూసి ఆగింది.

"పెద్దాసుపత్రిలో చూపించుకున్నాను. ఒంట్లో రక్తం లేదంది డాక్టరమ్మ. చిన్నదాని కాన్పు ఆపరేషను కదా, ఇంత తొందరగా మళ్ళీ మోయడం ప్రమాదమేనంది. ఉంచుకుంటానంటే వారం వారం చూస్తాం, రక్తం ఎక్కిస్తాం అంది. వద్దనుకుంటే అక్కడే జాగ్రత్తగా చేస్తామంది. బయట కొట్టులో మాత్రం మందు కొని మింగొద్దని మరీ మరీ చెప్పింది. ఏ సంగతో సోమవారం వచ్చి చెప్పమంది. పెద్దవాళ్ళెవరినైనా వెంటబెట్టుకుని రమ్మంది."

"మరి నీ మనసులో ఏముంది?"

"ఉంచుకోవాలనే ఉంది పిన్నీ. కానీ నాకేమన్నా అయితే ఆయన్ను లేపి కూర్చోబెట్టేదెవరు? పిల్లల నోట్లో ముద్ద పెట్టేదెవరు? మంచంలో ఉన్నాయనకు ఈ మాట చెప్పలేకపోయాను. మా అత్తకు చెబితే ఇల్లు పీకి పందిరేస్తుంది. సోమవారం నువ్వు నాతో వస్తావా పిన్నీ? డాక్టరమ్మ చెప్పేది నువ్వూ వింటే నాకు ధైర్యంగా ఉంటుంది."

కడుపులో బిడ్డ దేవుడిచ్చిన ప్రాణమని సలోమమ్మ నమ్మకం. ఆ పిల్ల సోమవారం వద్దనుకుంటే? రేపు జనం, సలోమమ్మే దగ్గరుండి కడుపు తీయించిందంటే? అలాగని రానంటే ఈ పిల్ల ఏమైపోతుందో!

"ముందు ప్రార్థన చేద్దాం తల్లీ. శుక్రవారం కూడికలో అందరం కలిసి చేద్దాం" అంది.

"అయ్యో, వద్దు పిన్నీ! ఎవరికీ చెప్పకు."

"పేరు చెబుతానా ఏంటే పిచ్చిపిల్లా!"

"సోమవారం వస్తావా మరి?"

"దేవుడే నడిపిస్తాడులే. వెళ్ళిరా."

హెప్సిబా గడప దిగి వెళ్ళిపోయింది.

శుక్రవారం కూడికకు పాతికమంది దాకా వచ్చారు. హెప్సిబా పని మానుకుని వచ్చి తలుపు పక్కన చాప మీద కూర్చుంది. చిన్నది మార్తమ్మ ఒడిలో నిద్రపోయింది. మార్తమ్మ ఎనభై ఏళ్ళ ముసలావిడ. పాలెంలో సగం మంది పిల్లలు ఆవిడ ఒడిలో నిద్రపోయి పెరిగినవాళ్ళే.

పాటలయ్యాయి. సలోమమ్మ లేచింది. రెండు రోజులుగా ఆ మాట ఆవిడ గుండెల మీద కుంపటిలా ఉంది.

"పేరు చెప్పను గానీ, మనలో ఒక చెల్లి ఉంది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. భర్త మంచంలో ఉన్నాడు. కడుపులో బిడ్డను తీయించుకోవాలనే ఆలోచన ఆ చెల్లి మనసులోకి వచ్చింది. ఆ ఆలోచన తొలగిపోవాలని ప్రార్థన చేయండమ్మా."

పాతిక తలలు ఒక్కసారి తలుపు వైపు తిరిగాయి. హెప్సిబా తల వంచుకుంది. ఉంచుకోవాలని ఉందన్న మాట సలోమమ్మ చెప్పనే లేదని, ఆవిడకు గాక ఆ పిల్లకు ఒక్కదానికే తెలుసు.

కెజియా టీచరు వెంటనే అందుకుంది. "ఇందులో ఆలోచించడానికేముంది? ప్రాణం పోసేది దేవుడు. తీయడానికి మనమెవరం?"

"తల్లిది మాత్రం ప్రాణం కాదా టీచరమ్మా?" అంది చేపలమ్మే దానమ్మ. "ఆ పిల్లకేమన్నా అయితే బిడ్డల్ని నువ్వు పెంచుతావా?"

"దేవుడే పెంచుతాడు."

"అవునవును. దేవుడు పెంచుతాడు, మనం వారానికోసారి వచ్చి ఎలా పెంచాలో ఆయనకు చెబుతాం."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. టీచరు ముఖం ఎర్రబడింది. "వేళాకోళం కాదు దానమ్మా. నోరూ వాయీ లేని పసిగుడ్డు అది. దాని తరఫున మనం మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు? విశ్వాసం ఉంటే ఏమీ కాదు."

"విశ్వాసం ఉన్నవాళ్ళు కాన్పులో పోలేదా? మా అక్క పోలేదా? చివరి నిమిషం దాకా పాట పాడుతూనే ఉంది మా అక్క."

"అందరి సంగతీ ఒకటేనా? భయం వంకతో తీయించుకునేవాళ్ళు ఎంతమంది లేరు!"

"నీ మొగుడు మంచంలో పడ్డ రోజున చెబుదువుగాని!"

"ప్రార్థన చేయమంటే పోట్లాటేంటమ్మా!" అని సలోమమ్మ అటూ ఇటూ చేతులూపింది. ఆవిడ మాట ఎవరికీ వినపడలేదు. ఒకరు పాపమన్నారు. ఒకరు డాక్టరు మాట వినడం పాపమెలా అవుతుందన్నారు. ఒకరు పాస్టరుగారిని పిలవమన్నారు. గది చేపల సంతలా మారింది.

ఆ గోలకు చిన్నది లేచి ఏడుపు అందుకుంది. మార్తమ్మ దాని వీపు తడుతూ తలుపు వైపు చూసింది.

"పాపమో కాదో మీరు తీరిగ్గా తేల్చుకోండి గానీ, పిల్ల తల్లి ఏదర్రా?" అంది.

అందరూ అటు తిరిగారు. తలుపు పక్కన చాప ఖాళీగా ఉంది.

సలోమమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరుగెత్తింది. దానమ్మ వెనకే వచ్చింది. ముందు హెప్సిబా ఇంటికి వెళ్ళారు. ప్రభుదాసు మంచం మీద నుంచి తల ఎత్తాడు.

"కూడిక అయిపోయిందా పిన్నీ? హెప్సిబా ఏది?"

సలోమమ్మ గడప దగ్గరే ఆగింది. "వస్తుంది బాబూ, వెనకాల వస్తుంది" అంది.

"అలా ఆయాసపడుతున్నావేంటి? ఏమైంది పిన్నీ? నేను లేవలేను కదా, నిజం చెప్పు!"

ఆవిడ నిలబడలేక బయటికి వచ్చేసింది. అక్కడి నుంచి కాలవ గట్టుకు వెళ్ళారు. కాలవ నిండుగా పారుతోంది. సలోమమ్మ నీళ్ళకేసి చూడలేక కళ్ళు మూసుకుంది. గట్టు మీద గేదెలు కడుగుతున్న ఒకామె, "ఇటు ఎవరూ రాలేదే" అంది. ఆ మాటకు ఊపిరి వచ్చింది గానీ మళ్ళీ వెంటనే భయం పట్టుకుంది. ఇటు రాకపోతే ఎటు వెళ్ళినట్టు? బస్సు ఎక్కిందా? మందుల కొట్టుకు వెళ్ళిందా? మధ్యాహ్నమంతా ఆ ఎండలో పాలెంలో సందు సందూ తిరిగారు.

మూడు దాటాక షెడ్డులో పనిచేసే అమ్మాయి దానమ్మకు ఫోన్ చేసింది. షెడ్డు వెనక గోతాల మీద హెప్సిబా ముడుచుకుని పడుకుని ఉంది. చీర తడిసిపోయింది. దారిలో ఏదో కొట్టులో మందు కొని మింగింది. రక్తం ఆగడం లేదు.

ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. సలోమమ్మ దారి పొడవునా ఆ పిల్ల తలను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ప్రభువా, ప్రభువా అన్న పిలుపు తప్ప ఆవిడ నోట ఇంకో మాట రాలేదు.

రక్తం కావాలన్నారు. కబురు వెళ్ళేసరికి కూడిక కూడికంతా ఆటోల్లో దిగింది. నర్సు కెజియా టీచరు చెయ్యి పట్టుకుని, "ఏం తిన్నారు?" అని అడిగింది.

"ఏమీ తినలేదమ్మా. ఉపవాసం."

"అయితే తియ్యను. మీరు పడిపోతే మిమ్మల్ని చూసేదెవరు? ముందు వెళ్ళి తినండి."

టీచరు దానమ్మ వైపు చూసింది. దానమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని గేటు బయటి టిఫిన్ బండి దగ్గరికి లాక్కెళ్ళింది. నిలబడే ఇడ్లీలు తిన్నారు. తర్వాత పక్కపక్క మంచాల మీద పడుకుని రక్తం ఇచ్చారు. పొద్దుటి వాదన ఇద్దరూ ఎత్తలేదు. సలోమమ్మకు షుగరు. ఆవిడ రక్తం తీసుకోలేదు. వరండాలో గోడకానుకుని, తలుపు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడుతూ కూర్చుంది.

పొద్దు వాలుతుండగా డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"తల్లి ప్రాణానికి భయం లేదు. బిడ్డ నిలవలేదు" అంది. "ఈ అమ్మాయికి నేను చెప్పే పంపానే! ఉంచుకున్నా, వద్దనుకున్నా మేం చూసుకునేవాళ్ళం. మూడు రోజులు ఆగలేకపోయిందా?"



సలోమమ్మ లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడింది. హెప్సిబా కళ్ళు తెరిచింది. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"నేను వద్దనుకోలేదు పిన్నీ" అంది మెల్లగా. "మీరంతా అలా చూస్తుంటే, నా గురించే అంటుంటే, ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. నాకు కావలసింది ప్రార్థన ఒక్కటే అయితే ఇంట్లో చేసుకోలేనా? నిన్ను రమ్మని అడిగాను."

సలోమమ్మ ఆ పిల్ల పాదాలు పట్టుకుని ఏడ్చింది. హెప్సిబా ముఖం గోడవైపు తిప్పుకుంది.

మర్నాటి నుంచి సలోమమ్మ రెండు పూటలా అన్నం పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళేది. ప్రభుదాసును లేపి కూర్చోబెట్టేది, పిల్లలకు నీళ్ళు పోసేది. ఆసుపత్రి నుంచి వచ్చాక హెప్సిబా చాలాకాలం ఆవిడతో మాట్లాడలేదు. అన్నం గిన్నె అందుకుని లోపలికి వెళ్ళిపోయేది. అయినా సలోమమ్మ వెళ్ళడం మానలేదు, ఆ ఇంటి సంగతి బయట ఎక్కడా ఎత్తలేదు. కడుపులో బిడ్డ దేవుడిచ్చిన ప్రాణమని ఆవిడ చివరిదాకా నమ్మింది. ఆ నమ్మకాన్ని తను మోయకుండా, ఒక బక్క పిల్ల నెత్తిన పెట్టి నలుగురిలో నిలబెట్టానన్న బాధ కూడా చివరిదాకా ఆవిడను వదల్లేదు.

నీతి: కడుపులోని ప్రాణం నిలవాలని కోరేవాళ్ళు ముందు ఆ తల్లి గుట్టు కాపాడాలి, ఆమె పక్కన నడవాలి, తోడు రమ్మని అడిగిన మనిషికి ఉత్త మాటలిచ్చి పంపేవాళ్ళు తల్లినీ కాపాడలేరు, బిడ్డనూ కాపాడలేరు.