వంటింటి మెట్టు

ఒకే ఇంటిని ఇద్దరు రెండు రకాలుగా గుర్తుపెట్టుకుంటే, బొమ్మలో ఎవరి ఇల్లు వెయ్యాలి? చార్వీ, తొందరపడకు. తనుష్, నువ్వూ ఆగు. బియ్యం ఏరుతూ చెప్తాను, వినండి పిల్లలూ. ఈ ప్రశ్న నాది కాదు. శ్రీకాళహస్తిలో కలంకారీ బొమ్మలు వేసే మునిచెంగయ్యగారిని ఆయన శిష్యురాలు గజలక్ష్మి అడిగింది.

గజలక్ష్మి తాము పుట్టిన ఇంటిని గుడ్డ మీద వేస్తోంది. బావి ఎడమపక్కన ఉండేదని ఆమె, కుడిపక్కనని తమ్ముడు. "వాడికి ఆరేళ్లప్పుడే ఊరు వదిలేశాం. వాడి మాట విని నా బొమ్మ మార్చుకోవాలా గురువుగారూ?"

ఆయన వాదించే మనిషి కాదు. లేచి, పెట్టెలోంచి ఒక పాత గుడ్డ తీసి పరిచారు. అందులో ఒక పెంకుటిల్లు, పెరడు, రోటి దగ్గర ఒక ఆడమనిషి. "మా అమ్మ" అని, జరిగింది చెప్పారు.

ఇక్కడ మీకొక సంగతి తెలియాలి. కలంకారీలో ముందు చింతపుల్ల బొగ్గుతో గీస్తారు. అది దులిపితే పోతుంది. దాని మీద నల్లరంగు పెట్టారా, కరక్కాయ పట్టించిన గుడ్డ దాన్ని ఇక వదలదు. ఏ ఏట్లో ఉతికినా అంతే.

మునిచెంగయ్యగారు పెరిగిన ఆ ఇల్లు ఏనాడో జలాశయంలో మునిగిపోయింది. ఆయన బొమ్మ ఇంకా బొగ్గుగీతల్లో ఉండగా అక్క కుప్పమ్మ చూడవచ్చింది.

"అమ్మను రోటి దగ్గర కూర్చోబెట్టినావేంరా? వంటింటి మెట్టు మీద కదా కూర్చునేది."

"పన్నెండో ఏట పెళ్లయి పోయినదానివి, నీకేం గుర్తుంటాది? చివరిదాకా ఆ ఇంట్లో ఉండింది నేను."

"నా కండ్లతో చూసింది చెప్తా ఉండా. మెట్టు మీద వెయ్యి నాయనా, నేను పోయేలోపల ఒకసారి చూసుకుంటా."

"మెట్టే కావాలంటే నీ గుడ్డ నువ్వే వేసుకో అక్కా."

కలం పట్టడం రాని మనిషితో అన్న మాట అది. అని, ఆమె చూస్తుండగానే నల్లరంగు పెట్టేశారు. "బాగుందిరా" అని, మజ్జిగ సగంలో వదిలి ఆమె బస్సెక్కింది. రెండేళ్లకు పోయింది.

ఆ మరుసటి ఏడు వానల్లేక జలాశయం ఎండింది. ఆయన వెళ్లి చూశారు. గోడలు లేవు, వంటింటి మెట్టురాయి ఉంది. దాని నడుమ బొటనవేలు పట్టేంత నున్నటి గుంట. కుంకుడుకాయలు కొట్టీ కొట్టీ పడిన గుంట. చిన్నప్పుడు శుక్రవారాలు తాను నిద్ర లేచేసరికి అక్క తల ఆరబెట్టుకుంటూ ఉండేది. అప్పటికే అమ్మ రోటి దగ్గరికి చేరి ఉండేది. ఆ కుంకుళ్లు ఎవరు, ఎక్కడ కూర్చుని కొట్టారని ఆయన ఏనాడూ అడగలేదు.

"తర్వాతైనా మెట్టు మీద వేశారా?" అంది గజలక్ష్మి.

ఆయన గుడ్డ మూల చూపించారు. మెట్టు మీద మసకగా ఒక ఆకారం. "బొగ్గుతో వేశాను. మడత విప్పినప్పుడల్లా రాలిపోతుంది, మళ్లీ గీస్తాను. నల్లరంగు మాత్రం పెట్టలేదు. అవునో కాదో చెప్పాల్సిన మనిషి లేదు."

గుడ్డ మడిచి పెట్టెలో పెడుతూ, ఆమె వైపు చూడకుండానే అడిగారు.

"మీ తమ్ముడు ఏ ఊళ్లో ఉన్నాడన్నావూ?"

అంతే. నన్నేమీ అడక్కండి. చేటలో బియ్యం సగమే ఏరాను, ఎండ పోతోంది.