గుబురు తాత కుడిచెయ్యి

అనగనగా ఒక అడవి. దాని పేరు అడక్కండి, అక్కడి జంతువులకే తెలియదు. ఒకప్పుడు ఆ అడవిలో నీళ్ళు నిలిచేవి కావు. కొండ మీంచి సన్నగా వాగు వచ్చేది, వచ్చింది వచ్చినట్టే జారిపోయేది. ఎండలు ముదిరితే జంతువులు తలో దిక్కుకూ పోయేవి. అప్పుడు గుబురు తాత అనే ముసలి ఎలుగుబంటి వాగుకు అడ్డంగా రాళ్ళు పేర్చి కట్ట కట్టాడు. మడుగు నిండింది. చెల్లాచెదురైన జంతువులన్నీ తిరిగొచ్చి దాని చుట్టూ చేరాయి.

తాత పెట్టిన ఆచారం ఒక్కటే. "నీళ్ళు తాగడానికి ఊరికే రావద్దర్రా. ఒక రాయి తెచ్చి కట్ట మీద పెట్టి, అప్పుడు తాగండి" అనేవాడు. కుందేలు గులకరాయి తెచ్చేది. అడవిపంది బండరాయి దొర్లించుకొచ్చేది. వాగు కొన్ని రాళ్ళు లాక్కుపోయినా, కట్ట మాత్రం గట్టిగా ఉండేది.

ఒకనాడు తాత కన్నుమూశాడు. అడవి అంతా గొల్లుమంది.

"తాతకు పెద్ద విగ్రహం కట్టాలి" అంది నక్క కళ్ళు తుడుచుకుంటూ. "ఇకనుంచి రాళ్ళు కట్ట మీద వద్దు, విగ్రహం దగ్గర పెట్టండి. అక్కడ పెట్టినా తాతకే, ఇక్కడ పెట్టినా తాతకే కదా!"

నిజమే కదా అనుకున్నాయి అన్నీ. అక్కణ్ణించి మొదలైంది గందరగోళం.

"తాత నిలబడి చెయ్యెత్తి దారి చూపిస్తున్నట్టు ఉండాలి" అంది కోతి.

"నేను చూసినప్పుడల్లా తాత వంగే ఉండేవాడే!" అంది అడవిపంది.

"నాకు తాత పాదాలే తెలుసు" అంది కుందేలు, పాపం.

చివరికి కోతి మాటే నెగ్గింది. మరి ఏ చెయ్యి ఎత్తాలి? కుడిచెయ్యి అంది నక్క. "ఎవరి కుడి? మన కుడివైపా, తాత కుడివైపా?" అంది కోతి. విగ్రహానికి ఎదురుగా ఉన్నవాళ్ళు ఒకటన్నారు, వెనక ఉన్నవాళ్ళు ఇంకొకటన్నారు. ఎటూ తేలక రెండు చేతులూ ఎత్తించారు. ఇంతకీ తాత ఎప్పుడైనా చెయ్యెత్తాడా? నన్నడిగితే, రాళ్ళు మోసేవాడికి చెయ్యెత్తే తీరికెక్కడిదర్రా!

ఇంతలో చుక్కమ్మ అనే దుప్పి పరుగున వచ్చింది. దానికి అప్పుడే పుట్టిన కూన ఉంది. "నక్క బావా, కట్టకు గండి పడింది. నీళ్ళు పోతున్నాయి" అంది.

"ముక్కు అయిపోనీ చుక్కమ్మా, చూద్దాం" అంది నక్క.

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. "బావా, మడుగు సగమైంది."

"చెవులు అయిపోనీ."

మూడోసారి చుక్కమ్మ కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. "మడుగులో బురదే మిగిలింది. నాకు పాలు ఇంకిపోయాయి. నా కూన లేవడం లేదు."

అప్పుడు అందరూ రాళ్ళ కోసం వెతికారు. చుట్టుపక్కల రాళ్ళే మిగల్లేదు. అన్నీ విగ్రహంలోనే ఉన్నాయి.

చుక్కమ్మ ఇంక ఎవరినీ అడగలేదు. విగ్రహం పాదంలోంచి ఒక రాయి నోటితో లాగి, కట్ట వైపు పరుగెత్తింది.

"అయ్యో, తాతను కూల్చేస్తోంది! పట్టుకోండి!" అని అరిచింది కోతి. కొందరు పట్టుకోవడానికి లేచారు, కొందరు వాళ్ళను పట్టుకోవడానికి లేచారు. ఎవరు ఎవరిని పట్టుకోవాలో తెలియక అందరూ నిలబడిపోయారు.

అప్పుడు కుందేలు నెమ్మదిగా అడిగింది. "తాతే ఇక్కడుంటే చుక్కమ్మను ఆపేవాడా? ఇంకో రాయి అందించేవాడా?"

నక్క విగ్రహం వైపు చూసింది, కట్ట వైపు చూసింది. తర్వాత వెళ్ళి, తను ముచ్చటపడి పెట్టించిన ముక్కు రాయిని పీకి నోట కరుచుకుంది. దాని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తాతను అవమానిస్తున్నానో, ఆదుకుంటున్నానో దానికే అర్థం కాలేదు. అయినా నడిచింది. దాని వెనక అడవిపంది, కుందేలు, ఆఖరికి కోతి కూడా తలో రాయితో నడిచాయి.

గండి పూడింది. తెల్లారేసరికి నీళ్ళు మడుగు ఒడ్డున పడుకున్న కూన గిట్టలను తాకాయి. కూన తల వాల్చి చప్పరించింది. చుక్కమ్మ దాని వీపు నాకుతూ ఏడ్చేసింది.

కొన్నేళ్ళు గడిచాయి. ఒక కొంగ ఎక్కడినుంచో ఎగిరొచ్చి మడుగు గట్టున వాలింది. "ఇక్కడ గుబురు తాతకు గొప్ప విగ్రహం ఉందట కదా, ఏదీ?" అని అడిగింది.

అక్కడున్న పడుచు దుప్పి, అదే మన చుక్కమ్మ కూన, నోట్లో రాయిని కట్ట మీద పెట్టి అయోమయంగా చూసింది.

"విగ్రహమా? అదెలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. అదలా ఉంచు గానీ, నీ రాయి ఏదీ? రాయి పెట్టకుండా తాగితే మా తాత ఒప్పుకోడు."

నీతి: పెద్దలు మొదలుపెట్టిన మంచి పనిని ఆపేస్తే, వాళ్ళకు ఎంత ఎత్తు విగ్రహం కట్టినా వాళ్ళను మరిచిపోయినట్టే.