కోనప్ప కుంచె, ఓబులమ్మ రంగు

అనగనగనగా, రాజులు పల్లకీల్లోనూ కబుర్లు గుర్రాల వీపుల మీదా తిరిగే రోజుల్లో, తంగెళ్ళపల్లెలో కోనప్ప అనే చిత్రకారుడు ఉండేవాడు. ఆయన వేసే బొమ్మ తమలపాకంత. ఆ తమలపాకంత చోటులోనే కొండ, కొండ మీద కోవెల, కోవెల గోపురం మీద పావురం, పావురం కంట్లో మెరుపు కూడా కనిపించేవి.

ఆయన భార్య ఓబులమ్మ. రంగురాళ్ళు ఎంచేది, నూరేది, వడగట్టేది, జిగురు కలిపేది ఆమె. ఏ రాయిని ఎన్నాళ్ళు నూరాలో, ఏ రంగుకు ఎంత జిగురు పడుతుందో ఆమె వేళ్ళకు తెలుసు. పొద్దెక్కేసరికి ఆల్చిప్పల్లో రంగులు సిద్ధంగా ఉండేవి. కోనప్ప కుంచె ముంచి బొమ్మ వేసేవాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస.

చూసినవాళ్ళంతా "ఆహా, కోనప్ప రంగులు!" అనేవారు. వినీ వినీ కోనప్పకు కూడా అవి తన రంగులే అనిపించసాగింది.

ఒకనాడు కుందనపురి రాజు మణికుండలుడి నుంచి కబురొచ్చింది. రాజుగారి కూతురు మంజరికి వచ్చే పౌర్ణమికి అయిదేళ్ళు నిండుతాయి. ఆ పాపకు మూడు బుల్లి బొమ్మలు కావాలట. ఒక హంస, ఒక చిలుక, ఒక దానిమ్మపండు. మూడూ ఆమె అరచేతిలో ఇమడాలట.

"ఏమయ్యా, నేనూ రానా?" అంది ఓబులమ్మ.

"రాజుగారి కొలువుకు నువ్వెందుకే? బొమ్మ వేసేది నేను. రాయి తిప్పడం ఎవరికి రాదు?"

"అది కాదయ్యా, ఆ హరిదళం ఉంది చూశావూ, ఆ పసుపు రాయిని..."

"తెలుసులేవే!" అంటూ కోనప్ప కుంచెల సంచి భుజాన వేసుకున్నాడు.

ఓబులమ్మ మనసు చివుక్కుమంది. అయినా దారిలో తినమని పేలాల ఉండలు మూట కట్టి ఇచ్చింది.

కొలువులో రాజు కోనప్ప పాత బొమ్మ ఒకటి చూసి మురిసిపోయాడు. "నిన్న పూసినట్టున్నాయే ఈ రంగులు! ఎవరు కలిపారు?"

"నేనే, ప్రభూ!"

ఆ అబద్ధం నోట్లోంచి నున్నగా జారిపోయింది.

నగరంలో పేరున్న రంగుల వర్తకుడు నాగిశెట్టి. అతని అంగడి నుంచి తెలుపుకు శంఖభస్మం, నీలానికి నీలిమందు, పసుపుకు హరిదళం, ఎరుపుకు ఇంగిలీకం, వీటిని కాగితానికి పట్టి ఉంచేందుకు తుమ్మజిగురు వచ్చాయి. కలుపుకోవడానికి రాజుగారు తళతళలాడే రాగిగిన్నెలు ఇప్పించారు.

కోనప్ప మొదట హంసను వేశాడు. వెన్నెల ముద్దలా ఉంది! మంజరి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తెల్లటి పొడి ఆమె ఒళ్ళో రాలింది.

"నాన్నగారూ! హంస ఈకలు రాల్చేసింది!"

జిగురు చాలలేదన్నమాట.

కోనప్ప చిలుకను మొదలుపెట్టాడు. రాగిగిన్నెలో నీలిమందూ హరిదళమూ కలిపితే అచ్చమైన చిలకపచ్చ వచ్చింది. కొలువంతా భళా అంది. మూడో నాటికి ఆ పచ్చ ముదిరింది, మాడింది, నల్లబడింది.

"నాన్నగారూ! చిలుక కాకి అయిపోయింది!" అని మంజరి చప్పట్లు కొట్టింది.

హరిదళానికీ రాగికీ పడదని కోనప్పకు తెలియదు.

ఇక దానిమ్మ. ఈసారి రంగు రాలకూడదని జిగురు రెండింతలు పోశాడు. పండు నిగనిగలాడింది. మధ్యాహ్నపు ఎండకు ఆరిందో లేదో, నిలువునా బీటలు వారింది.

"పండు పగిలింది. మరి గింజలేవీ?" అంది మంజరి.

పాప నవ్వింది కానీ రాజు నవ్వలేదు. పౌర్ణమికి ఇంకా ఆరు రోజులే ఉంది.

మంత్రి ముందుకొచ్చాడు. "ప్రభూ, కోనప్ప చేతిలో లోపం ఉండదు. సరుకే కల్తీ!"

భటులు నాగిశెట్టిని పట్టుకొచ్చారు. "ప్రభూ, మా తాతల నాటి అంగడి నాది. చిటికెడు కల్తీ చేసి ఎరుగను," అన్నాడతను. రాజు వినలేదు. "పొద్దు గూకేలోగా అంగడి మూసి ఊరు విడిచి పో!" అన్నాడు.

నాగిశెట్టి తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. బట్టతల మీద చెమట, కళ్ళల్లో నీళ్ళు.

కోనప్ప నోరు మెదపకపోతే తన పేరుకు మచ్చ లేదు. నోరు విప్పితే ఇరవై ఏళ్ళ పేరు పోతుంది. తల దించుకుని తన చేతులు చూసుకున్నాడు. రాయి తిప్పి ఎరగని మెత్తటి చేతులు. వాటిని చూస్తే ఆయనకే సిగ్గేసింది.

"ప్రభూ, ఆగండి! శెట్టిగారి సరుకు మేలైనదే. తప్పు నాది. నేను రంగులు కలిపి ఎరగను. ఇన్నేళ్ళూ కలిపింది నా భార్య ఓబులమ్మ. తమతో అబద్ధమాడాను."

కొలువులో గుసగుసలు లేచాయి.

"మరి మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు రాజు.

"పొగడ్త తియ్యగా ఉంది, ప్రభూ. పంచుకోబుద్ధి కాలేదు."

మంజరి తండ్రి ఉత్తరీయం పట్టి లాగింది. "అయితే ఆవిడ్ని పిలవచ్చుగా?"

రాజుకు నవ్వాగలేదు. "ఇంత చిన్న మాట నా మంత్రికి తోచలేదు చూడండి!" అన్నాడు. నాగిశెట్టి తలపాగాను తన చేత్తో తిరిగి చుట్టి, తొందరపడ్డానని ఒప్పుకున్నాడు. అప్పటికప్పుడు తంగెళ్ళపల్లెకు పల్లకీ బయలుదేరింది.

రెండు రోజులకు పల్లకీ వచ్చింది. అందులో దర్జాగా కూర్చున్నది నూరుడు రాయి! ఓబులమ్మ పక్కన నడిచి వస్తోంది. "అది బరువయ్యా, నాకు కాళ్ళున్నాయి," అంది బోయీలతో.

కోనప్ప ఎదురు వెళ్ళాడు. "ఓబులా, నిన్ను చిన్నబుచ్చాను. తప్పయిపోయింది. కొలువులో అంతా చెప్పేశాను."

"విన్నాను. దారి పొడుగునా బోయీలు అదే కథ చెప్పారు." ఆమె నవ్వు దాచుకుంది. "సరేలే. ముందు ఆ రాయి దించు."

రాగిగిన్నెలన్నీ పక్కన పెట్టి, ఓబులమ్మ తన ఆల్చిప్పలు పరిచింది. నూరుడు పని మాత్రం కోనప్పకు అప్పగించింది.

"చాలా?" అనేవాడు కాసేపటికి.

"ఇంకా ఇసకలా తగులుతోంది. తిప్పు."

"ఇప్పుడో?"

"తిప్పవయ్యా!"

ఆమె జిగురునీళ్ళు వేళ్ళ మధ్య రాసి చూసింది. ప్రతి రంగునూ బొటనవేలి గోటి మీద చుక్క పెట్టి, ఆరనిచ్చి, రుద్ది చూసింది. రాలలేదు, పగలలేదు. పక్కనే కూర్చున్న మంజరి ముక్కుకు మాత్రం నీలిమందు అంటుకుంది.

అప్పుడు కోనప్ప కుంచె అందుకున్నాడు. పౌర్ణమి నాడు పాప అరచేతిలో హంస తెల్లగా, చిలుక పచ్చగా, దానిమ్మ ఎర్రగా మెరిశాయి. బొమ్మల అడుగున ఆవగింజంత అక్షరాల్లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఓబులమ్మ పేరును కోనప్పే ముందు రాశాడు.

"నీకేం కావాలో కోరుకో, అమ్మా," అన్నాడు రాజు.

ఓబులమ్మ కాస్త ఆలోచించింది. "ఒక కాగితం ముక్క ఇప్పించండి, ప్రభూ. నేనూ ఒక బొమ్మ వేసి చూస్తాను."

వేసింది. ఆ బొమ్మలో కోనప్ప రాయి తిప్పుతున్నాడు, ముక్కు చివర చెమట బొట్టు, నోరు తెరిచి ఉంది. గీతలు వంకరే కానీ పోలిక మాత్రం దిగింది. కొలువు కొలువంతా పకపకా నవ్వింది. అందరికన్నా ఎక్కువసేపు నవ్వినవాడు కోనప్పే.

తోటివారి కష్టాన్ని నలుగురిలో ఒప్పుకున్నవాడి పేరు తరగదు, పెరుగుతుంది.