జరీ పిల్లి గోళ్ళు

అనగనగా మగ్గాల ఊరొకటి. తెల్లారితే చాలు, ఇంటింటా టకటకా టకటకా! ఆ ఊళ్ళో భద్రమ్మని ఒక అత్తగారు, తులశమ్మని ఒక కోడలు. వాళ్ళకో పిల్లి. మీసాలు మెరుస్తాయని దానికి జరీ అని పేరు పెట్టుకున్నారు. నేతగాళ్ళింట్లో పిల్లెందుకంటావేమే బుల్లీ? విను మరి. గంజి పెట్టకపోతే పోగు నిలవదు, గంజి పెడితే ఎలక ఊరుకోదు, ఎలకుంటే పిల్లి లేక కుదరదు. ఏరీ, ఊ కొట్టరేం? ఆఁ, అదీ!

ఆ ఏడు రాణిగారు కూతురి పెళ్ళికి ఉల్లిపొరలాంటి చీర నెయ్యమని భద్రమ్మకే కబురంపింది. భద్రమ్మ నేసింది, నేసింది, నేస్తూనే ఉంది. ఒకనాడు అన్నానికి లేచిందో లేదో, మగ్గం కింద పడుకున్న జరీ లేచి, ఒళ్ళు విరుచుకుని, ముందుకాళ్ళు రెండూ చాచి చీర మీద బర్రున గీకింది. పోగులు తెగి వేళ్ళాడాయి.

భద్రమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదూ మరి! ఆ చీర పాడైతే మళ్ళీ కోట గుమ్మం తొక్కనిస్తారా? పోనీ పిల్లిని తరిమేద్దామంటే ఎలకలాయె. అందుకని కంసాలి వీరాచారిని పట్టకారు పుచ్చుకుని రమ్మంది. గోళ్ళు పీకించేస్తే పిల్లికి పిల్లీ ఉంటుంది, చీరకి చీరా ఉంటుందని ఆవిడ ఆలోచన.

తులశమ్మకేమో నీలాగే ప్రతిదానికీ ఎందుకూ, ఏమిటీ. పిల్లిని ఒళ్ళో పెట్టుకుని పంజా మెల్లిగా నొక్కింది. గోరు బయటికొచ్చింది. వదిలింది. లోపలికి పోయింది. భలే ఉందే అని మళ్ళీ నొక్కింది. దీని మొదలెక్కడా అని తడిమితే, మన గోరులా పైపైన లేదర్రా, ఎముకలోంచే వచ్చింది! వీరాచారిని చూడమంది. ఆయనా నొక్కి చూసి, ఇది పీకితే వేలి చివరి కణుపు కూడా పోతుందన్నాట్ట.

భద్రమ్మ వింటేనా! కణుపు పోతే ప్రాణం పోతుందా అంది. మొండిఘటం.

తులశమ్మేం చేసిందో తెలుసా? గుడ్డపీలికలు తెచ్చి, అత్తగారి వేళ్ళ కొసలన్నిటికీ కణుపు దాకా చుట్టింది. "అత్తయ్యా, ఆ తెగిన పోగు ఒక్కటి అతకండి, చూద్దాం" అంది.

ఓస్, ఇంతేనా అనుకుంది భద్రమ్మ. పోగు దొరకదు. దొరికితే నిలవదు. నిలిస్తే మెలి పడదు. కళ్ళు మూసుకుని పోగులతికే మనిషికి ఒక్క పోగు లొంగలేదు. పీలికల వంక చూసుకుంది, జరీ పంజా వంక చూసింది. పాపం, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"వీరాచారీ, నీ పట్టకారు తీసుకెళ్ళు నాయనా" అంది.

చీర మాటేమిటంటారా? పిల్లి ఎప్పుడు గీకుతోందా అని తులశమ్మ కాపలా కాసింది. నిద్ర లేవగానే! అంతే, అది పడుకునే చోటే ఒక గుంజ పాతి, కొబ్బరితాడు చుట్టింది. జరీ లేచింది. చీర వంక చూసింది. తాడు వంక చూసింది. బర్ర్‌ర్! ఆ తాడే గీకింది, ఆ తరవాతెప్పుడూ ఆ తాడే గీకింది. వీరాచారి అటు వెళ్ళగానే భద్రమ్మ పీలికలు విప్పేసి తెగిన పోగులన్నీ అతికేస్తే, అతుకెక్కడుందో రాణిగారికే కనపడలేదు.

ఒకరి దగ్గర ఏదన్నా తీసేసే ముందు, అది వాళ్ళకెందుకో చూడాలర్రా. కథేమో కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి. ఏమే బుల్లీ, వేలి కొసలు నొక్కి చూసుకుంటున్నావా? చూసుకో, చూసుకో.