మనుషులొచ్చే గుమ్మం

ఒక మాంసం కంపెనీకి ఒక కత్తి ఉండేది. మామూలు కత్తి కాదండోయ్, కంపెనీని కన్న తల్లే అది. సందు చివర చెక్క మొద్దు మీద మొదలైన కొట్టు దాని పదును మీదే పెరిగింది. కోల్డు స్టోరేజీలు కట్టింది, ఓడలెక్కింది, చివరికి సముద్రం అవతల పెద్ద కబేళా కట్టింది.

కత్తికి గర్వం ఉందంటే ఉండదా మరి! కోసింది తను, పేరొచ్చింది కంపెనీకి. అయినా ఏనాడూ సణగలేదు.

కబేళా తెరిచే రోజు యజమాని కత్తిని అద్దాల పెట్టెలో పెట్టించి, గొర్రెలు లోపలికి వెళ్ళే దారి పక్కనే తగిలించాడు. "మన చరిత్ర అందరూ చూడాలి" అన్నాడు. చూడ్డం చూశారు, కాకపోతే ముందు చూసింది గొర్రెలు.

మొదటి గొర్రె కత్తిని చూసి ఆగిపోయింది. వెనకవన్నీ ఆగిపోయాయి. తోశారు, అదిలించారు, ఊహూఁ. అవతల ఆ దేశపు పెద్దమనుషులు ఎదురుచూస్తున్నారు. పని సాగడం కళ్ళారా చూస్తేనే వాళ్ళు అనుమతి ఇస్తారు, లేదంటే గేటుకి తాళమే. 

ఒకప్పుడు యజమాని తాతతో పాటు ఆ కొట్టు నడిపిన నాయనమ్మ కూడా వేడుకకి వచ్చింది. గొర్రెల్ని చూసింది, కత్తిని చూసింది, మనవడి మీద మండిపడింది.

"ఒరేయ్, బుద్ధుందా? మీ తాత కత్తిని వీపు వెనకే పట్టుకునేవాడు. గొర్రె కళ్ళు అరచేత్తో మూసేదాకా ముందుకి తెచ్చేవాడు కాదు. దాని ప్రాణం తీస్తున్నాం, చాలదా? పైగా భయపెట్టడం కూడానా?"

యజమాని తల దించుకున్నాడు. "అయితే దాచెయ్యమంటావా నాయనమ్మా?"

"దాచడమా! దాన్ని చూసి సిగ్గుపడాల్సిన ఖర్మ మనకేంటిరా? మన అన్నం అది. తీసుకెళ్ళి మనుషులొచ్చే గుమ్మంలో పెట్టు."

పెట్టారు. గొర్రెలు నెమ్మదిగా కదిలాయి, పని మొదలైంది. యజమాని ఊపిరి పీల్చుకుని, "దయచేయండి, చూద్దురుగాని" అని పెద్దమనుషుల్ని పిలిచాడు.

వాళ్ళు నవ్వుకుంటూ గుమ్మం దాకా వచ్చారు. తళతళలాడే కత్తిని చూశారు. ముందున్నాయన ఆగిపోయాడు. వెనకవాళ్ళందరూ ఆగిపోయారు. వాళ్ళని తోయడానికి లేదు, అదిలించడానికీ లేదు.

అనుమతి పోయినట్టేననుకున్నాడు యజమాని. నాయనమ్మ వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే తేరిపార చూసింది. ఒక్కరూ కత్తి వైపు చూడలేక చూపులు తిప్పేసుకుంటున్నారు.

"నువ్వు రారా" అని మనవడి చెయ్యి పట్టుకుని, తల ఎత్తుకుని గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది.